హెరాల్డుకు స్పిట్‌ఫైర్ గేర్‌బాక్సు

ట్రాక్టరు విప్పిన చేతికి ‘ఓవర్‌డ్రైవ్’ కొత్తేమీ కాదు

మదనపల్లె: పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారును అపురూపంగా దాచుకున్నవారు దక్షిణాదిలో ఈనాటికీ అక్కడక్కడ వున్నారు. వారందరిదీ ఒకటే ఫిర్యాదు. కారు చూడముచ్చటగా వుంటుంది, ఇరుకు సందులో సైతం ఇట్టే తిరుగుతుంది, కానీ పెద్ద రోడ్డెక్కి గంటకు 70 కిలోమీటర్లు దాటిందంటే ఇంజను చెవులు గింగురుమనేలా అరుస్తుంది. నాలుగో గేరు తరువాత వేయడానికి ఇంకో గేరు లేదు. కొత్త కార్లకు అలవాటుపడిన డ్రైవరు చెయ్యి ఐదో గేరు కోసం వూరికే తడుముకుంటుంది.

ఆ లేని గేరును ఇచ్చే సాధనం ఇంగ్లండులో ఎప్పుడో తయారయింది. దాని పేరు ఓవర్‌డ్రైవ్. హెరాల్డుకు తోబుట్టువులాంటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సు కారుకు, కోరినవారికి, దాన్ని అమర్చి ఇచ్చేవారు. ఆ కారు గేర్‌బాక్సును ఓవర్‌డ్రైవ్‌తో సహా తెచ్చి హెరాల్డులో బిగించవచ్చు. స్పిట్‌ఫైర్‌లోనే పాత గేర్‌బాక్సు చెడిపోయి మారు గేర్‌బాక్సు వేయవలసి వచ్చినా పని దాదాపు ఇదే.

మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో ట్రాక్టరు గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే మెకానిక్కుకు ఇది చేతకాని పని కాదు. అయితే మూడుచోట్ల ఏమరుపాటు జరిగిందంటే మాత్రం, అంత డబ్బు పోసి సముద్రాల అవతలినుంచి తెప్పించిన వస్తువు మొదటి రోజే ముక్కలవుతుంది. ఆ మూడు చోట్లు ఏవో తెలిసిన తరువాతే స్పానరు పట్టుకోవాలి.

మద్రాసు కారు, కవెంట్రీ చుట్టరికం

హెరాల్డు గురించి పాతతరంవారికి చెప్పనక్కరలేదు. కుర్రవారి కోసం నాలుగు మాటలు. 1948లో ఏర్పడిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా కంపెనీ మద్రాసు శివార్లలో వండలూరు దాపున ఫ్యాక్టరీ పెట్టింది. ఇంగ్లండులోని కవెంట్రీ నగరపు స్టాండర్డ్ కంపెనీతో పొత్తు. మొదట వాన్‌గార్డ్ కార్లు, ఆ తరువాత టెన్, పెన్నెంట్ కార్లు వచ్చాయి. 1961 నుంచి హెరాల్డు వచ్చింది. 948 సి.సి. ఇంజను, మొదట్లో రెండే తలుపులు, తరువాత మన కుటుంబాల అవసరం చూసి నాలుగు తలుపులు. ముందరి రెక్కలతో సహా బానెట్ మొత్తం నోరు తెరిచినట్లు ముందుకు లేచేది. 1970 దశకం మొదట్లో హెరాల్డు పోయి గజెల్ వచ్చింది, అదీ 1977తో ఆగింది. చివరకు ఆ కంపెనీ స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు చేసి, 1988 తరువాత కార్ల తయారీకే స్వస్తి చెప్పింది.

ఇంగ్లండులో హెరాల్డు 1959లో వచ్చింది. అదే వంశపు ఛాసిస్, సస్పెన్షన్, గేర్‌బాక్సులతో, ఇద్దరే కూర్చునే పొట్టి స్పోర్ట్సు కారుగా 1962లో స్పిట్‌ఫైర్ వచ్చి 1980 దాకా నడిచింది. రెండింటికీ రూపం దిద్దినవాడు ఇటలీవాడైన జొవాన్ని మిఖెలోత్తి. కనుక మన హెరాల్డు వున్నవారి ఇంట్లో ఒక ఇంగ్లీషు స్పోర్ట్సు కారు సగం వున్నట్లే లెక్క.

రైతులకు ఇంకా దగ్గరి చుట్టరికం ఒకటుంది. ఫెర్గూసన్ టి.ఇ. 20 అనే చిన్న బూడిదరంగు ట్రాక్టరును 1946 నుంచి 1956 దాకా కవెంట్రీలో తయారుచేసింది ఈ స్టాండర్డ్ కంపెనీయే. ఆ ట్రాక్టరుకు, వాన్‌గార్డ్ కారుకు ఒకే వంగడపు ఇంజను. దాన్నే కొద్దిగా సవరించి 1991 సి.సి. చేసి టి.ఆర్. 2 అనే స్పోర్ట్సు కారులో పెట్టారు. అది 1953 మేలో బెల్జియం దేశంలో జబ్బెకె అనే వూరి రోడ్డుమీద గంటకు 124 మైళ్ళకు పైగా, అంటే దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తింది. దుక్కి దున్నే ఇంజను తమ్ముడు అంత పని చేశాడు.

ఓవర్‌డ్రైవ్ విషయంలోనూ కథ అలాంటిదే. ఎడ్గార్ డి నార్మన్‌విల్ అనే ఇంజనీరు దీన్ని రూపొందించగా షెఫీల్డు నగరంలోని లేకాక్ కంపెనీ తయారుచేసింది. 1950లో వాన్‌గార్డ్ కారుకు దీన్ని అదనపు సదుపాయంగా ఇవ్వడం మొదలుపెట్టారు. స్పిట్‌ఫైర్‌కు 1963 నుంచి దీనిలోనే చిన్న రకం, ‘డి’ రకం అంటారు, దొరికేది. హెరాల్డుకు మాత్రం కంపెనీ దాన్ని ఇవ్వలేదు. ఆ లోటునే ఇప్పుడు తీర్చుకోవడం.

నవగ్రహ మండపం, ట్రాక్టరు లివరు

ఓవర్‌డ్రైవ్ అనేది గేర్‌బాక్సు తోకకు తగిలించిన ఇంకొక చిన్న గేర్‌బాక్సు. నాలుగో గేరులో గేర్‌బాక్సు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే వెనకకు పోయే ప్రొపెల్లరు షాఫ్టు కూడా అన్నే చుట్లు తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ వేస్తే ప్రొపెల్లరు షాఫ్టు ఇంకా వేగంగా తిరుగుతుంది. అంటే ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగేచోట సుమారు 3,200 చుట్లతోనే అదే వేగం వస్తుంది. ఐదింట ఒక వంతు తగ్గింది. గోల తగ్గుతుంది, పెట్రోలు కలిసివస్తుంది, ఇంజను ఆయుష్షు పెరుగుతుంది.

లోపల ఏముంటుంది? గుడిలో నవగ్రహ మండపం గుర్తుచేసుకోండి. నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాలు. ఇక్కడా అంతే. నడుమ ఒక పళ్ళచక్రం, దాన్ని ఇంగ్లీషువారు కూడా సూర్యచక్రమనే అంటారు. దాని చుట్టూ మూడు చిన్న గ్రహచక్రాలు. వాటిని మోసే చట్రం ఒకటి. వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం. గేర్‌బాక్సు షాఫ్టు చట్రాన్ని తిప్పుతుంది, వలయం ప్రొపెల్లరు షాఫ్టును తిప్పుతుంది.

లెక్క సులువుగా వుండడానికి వలయానికి 80 పళ్ళు, సూర్యచక్రానికి 20 పళ్ళు వున్నాయనుకుందాం. సూర్యచక్రాన్ని కదలకుండా బిగించి చట్రాన్ని ఒక చుట్టు తిప్పితే వలయం ఒకటింబావు చుట్టు తిరుగుతుంది. ఎనభైకి ఇరవై కలిపి ఎనభైతో భాగించాలి, అంతే. ఇదే ఓవర్‌డ్రైవ్.

ఇప్పుడు దీన్ని తిరగేయండి. వలయాన్ని బిగించి, ఇంజనుతో సూర్యచక్రాన్ని తిప్పి, చట్రంనుంచి పని తీసుకుంటే? ఇంజనువైపు అయిదు చుట్లకు ఇటువైపు ఒక్క చుట్టు. వేగం పోయి బలం వస్తుంది. మాస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరులో హై-లో లివరు చేసే పని ఈ కోవదే. మూడు గేర్ల పెట్టె వెనుక గ్రహచక్రాల జత ఒకటి పెట్టి మూడింటిని ఆరు చేశారు. 1960లో మద్రాసులో స్థాపితమైన ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ద్వారా ఆ వంశపు ట్రాక్టర్లు మన పల్లెలకు చేరాయి. వాటిని విప్పి బిగించిన మెకానిక్కు ఓవర్‌డ్రైవ్ మూత తీసి చూస్తే, ఎక్కడో చూసిన ముఖంలాగే కనిపిస్తుంది.

తేడా ఒక్కటే. ట్రాక్టరులో చేత్తో లివరు వేస్తాం. ఇక్కడ ఆ పని నూనె చేస్తుంది. షాఫ్టు మీద ఉబ్బుగా వున్న క్యామ్ ఒక చిన్న పంపును కొడుతూ వుంటుంది. ఆ పంపు గేర్‌బాక్సు నూనెనే పీడనంతో నిలవచేస్తుంది. డ్రైవరు స్విచ్చి వేయగానే సోలెనాయిడ్ అనే విద్యుత్ అయస్కాంతం వాల్వును తెరుస్తుంది. నూనె రెండు పిస్టన్లను తోస్తే, గరాటు ఆకారపు క్లచ్చు వలయాన్ని వదిలి ముందుకు జరిగి, కేసుకు బిగించివున్న బ్రేకు రింగుకు కరుచుకుంటుంది. దానితో సూర్యచక్రం ఆగుతుంది. క్లచ్చు పెడలు తొక్కనక్కరలేదు. స్విచ్చి తీసేస్తే స్ప్రింగులు ఆ గరాటును మళ్ళీ వెనక్కు నెడతాయి, అంతా ఒకే ముద్దగా తిరుగుతుంది.

ఇంకొక భాగాన్ని మరచిపోకూడదు. షాఫ్టుకూ వలయానికీ మధ్య ఒకవైపే పట్టే రోలరు క్లచ్చు వుంటుంది. సైకిలు వెనక చక్రానికి ఫ్రీవీల్ ఎలాగో ఇది అలాగ. ముందుకు పోయేటప్పుడు వలయం షాఫ్టుకన్నా వేగంగా తిరగవచ్చు. రివర్సులో మాత్రం అలా కుదరదు, పట్టేస్తుంది. దీని ప్రాముఖ్యం ముందు తెలుస్తుంది.

కొనేముందు

హెరాల్డు సొంత గేర్‌బాక్సు వెనుక ఓవర్‌డ్రైవ్ ఒక్కటే తెచ్చి తగిలిద్దామంటే కుదరదు. ఓవర్‌డ్రైవ్ పెట్టెలో మెయిన్ షాఫ్టే వేరు. అందుకని రెండూ కలిసివున్నదే కొనాలి. ఇంగ్లండులో ఈ పెట్టెలను విప్పి, బేరింగులు మార్చి అమ్మేవారు ఇప్పటికీ వున్నారు. స్పిట్‌ఫైర్ గేర్‌బాక్సుల నెంబర్లు కారు రకాన్నిబట్టి ఎఫ్.సి., ఎఫ్.డి., ఎఫ్.హెచ్. అనే అక్షరాలతో మొదలవుతాయి. ఓవర్‌డ్రైవ్ మీద వేరే చిన్న రేకు మీద దాని నెంబరు వుంటుంది. రెండూ ఫోటో తీసి పంపమని అడగండి. బయటికి ఒకేలా కనిపించే ఓవర్‌డ్రైవ్‌లు వేరే కార్లకూ వున్నాయి. ముందరి షాఫ్టు పళ్ళు మీ క్లచ్చు ప్లేటుకు సరిపోతాయా లేదా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి, లేకుంటే ప్లేటు కూడా దానితోనే తెప్పించుకోవాలి.

డబ్బు కట్టేముందు ఆలోచించవలసినది ఇంకొకటి వుంది, అది చట్టం. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు వేరే రిజిస్ట్రేషను ఏర్పాటు చేసింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన కార్లకు రాష్ట్రం అక్షరాల తరువాత వి.ఎ. అనే అక్షరాలతో నెంబరు ఇస్తారు. కొత్తగా తీసుకోవడానికి 20 వేల రూపాయలు, తరువాత రెన్యువలుకు 5 వేలు అని నిర్ణయించారు. అయితే కారు మొదటి రూపంలోనే వుండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు చేసి వుండకూడదు అన్నారు. గేర్‌బాక్సు మాట అక్కడ ఎత్తలేదు. ఎత్తలేదు గదా అని ధీమాగా వుండడంకంటే, కాగితాలు పట్టుకుని రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడగడం మేలు.

అసలు చిక్కు వేరే. ఆ వి.ఎ. నెంబరు తీసుకున్న కారు ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరగడానికి వీలులేదు. ఎప్పుడో ఒకసారి ర్యాలీకి పోయే కారుకు ఓవర్‌డ్రైవ్ ఎందుకు? రోడ్డుమీద తిప్పుకునేవారికే అది కావాలి. వారు మామూలు రిజిస్ట్రేషనునే అయిదేళ్ళకొకసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. మామూలు ఆర్.సి.లో ఇంజను, ఛాసిస్ నెంబర్లే వుంటాయి, గేర్‌బాక్సు నెంబరు వుండదు.

పైనుంచే దించాలి, కిందినుంచి కాదు

మన మెకానిక్కులు గేర్‌బాక్సు అనగానే గుంతలోకి దిగుతారు. హెరాల్డు, స్పిట్‌ఫైర్ కార్లలో ఆ పద్ధతి పనికిరాదు. వీటి గేర్‌బాక్సు కారు లోపలినుంచే, సీట్లున్న చోటినుంచే పైకి వస్తుంది.

ముందు బ్యాటరీ తీగ తీసేయాలి. సీట్లు, కింది పరుపు, గేరు లివరు తీసి, నడుమ వుబ్బుగా వున్న సొరంగపు మూత మరలు విప్పితే గేర్‌బాక్సు మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. నూనె కింద డ్రెయిను మర విప్పి పట్టుకోండి. ఆ నూనెను వెలుతురులో చూస్తే పాత గేర్‌బాక్సు చరిత్ర చెబుతుంది: పసుపు మెరుపులుంటే ఇత్తడి రింగులు అరిగాయని, ఉక్కు ముక్కలుంటే పళ్ళు పోయాయని.

ప్రొపెల్లరు షాఫ్టు రెండు ఫ్లాంజిల మీద ఉలితో గీత గీసి నాలుగు బోల్టులు విప్పాలి. స్పీడోమీటరు కేబులు, వెనుక ఆనిక బోల్టులు, స్టార్టరు మోటారు తీయాలి. క్లచ్చు స్లేవ్ సిలిండరు పైపు విప్పనక్కరలేదు, సిలిండరును బయటికి లాగి పక్కకు కట్టేస్తే చాలు. ఆ తరువాత ఎవరూ పెడలు తొక్కకుండా దానికింద ఒక చెక్క పెట్టండి. ఇంజను సంపు కింద చెక్క వేసి జాకీ ఆనించి, అప్పుడు బెల్ హౌసింగు నట్లు విప్పాలి. పైనున్న నట్లకు చెయ్యి అందదు. ఇక్కడ వచ్చినన్ని బూతులు మిగతా పని మొత్తంలో రావు.

పెట్టెను నేరుగా వెనక్కు లాగాలి. ముందరి షాఫ్టు క్లచ్చు ప్లేటులో వుండగానే బరువంతా దానిమీద వేలాడనిస్తే ప్లేటు వంకరపోతుంది. ఒకరితో అయ్యే పని కాదు, ఇద్దరు కావాలి. లోపలికి ఎక్కించేటప్పుడు ఓవర్‌డ్రైవ్ బరువు తోడవుతుంది కనుక ముగ్గురుంటే ఇంకా మంచిది.

విప్పినవన్నీ విప్పిన వరుసలోనే గోనెపట్టా మీద పేర్చండి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చిన్నతనంలో తండ్రి గడియారాన్ని ముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించేదాకా బడికి పోనన్నాడని ఆయన జీవిత చరిత్రలో వున్నది. తత్వం సంగతి పక్కనబెడితే, మెకానిక్కుకు కావలసిన గుణం అదే.

పెట్టె బయట వుండగానే క్లచ్చు రిలీజు బేరింగు మార్చేయాలి. బేరింగు ఖరీదు కొంచెమే, దానికోసం మళ్ళీ అంతా విప్పడం రోజున్నర పని. క్రాంకు చివరనున్న చిన్న బుష్షు అరిగిందేమో వేలు పెట్టి చూడండి. క్లచ్చు ప్లేటును తిరిగి బిగించేటప్పుడు సరిగ్గా నడిమికి రావడానికి అదే కొలత కర్రముక్కను లేతులో తిరగేయించుకుంటే సరిపోతుంది.

మొదటి చోటు: పళ్ళ వరుస

గేర్‌బాక్సు, ఓవర్‌డ్రైవ్ కలిసే వస్తే ఈ చిక్కు లేదు. దారిలో నూనె కారుతుందనో, సీలు మార్చాలనో విడదీశారంటే జాగ్రత్త. గేర్‌బాక్సు షాఫ్టు ఓవర్‌డ్రైవ్‌లోకి పోయేటప్పుడు గ్రహచక్రాల చట్రంలోని పళ్ళలోనూ, రోలరు క్లచ్చు పళ్ళలోనూ ఒకేసారి దూరాలి. ఆ రెండు వరుసలు ఒకదానికొకటి సూటిగా వుండాలి. పొడుగు స్క్రూడ్రైవరు లోపలికి దించి నెమ్మదిగా తిప్పి సరిచేసి, ఆపైన దాన్ని కదిలించకుండా గేర్‌బాక్సును నిలువుగా దించాలి. పంపును కొట్టే క్యామ్ కూడా పల్లంవైపు పంపుకు ఎదురుగా వుండేట్టు చూడాలి.

అన్నీ కుదిరితే రెండు కేసులు స్ప్రింగుల బలానికి ఎదురై చివరి కొద్ది దూరం తప్ప చేత్తోనే కలుస్తాయి. ఎక్కువ ఎడం వుండిపోయిందంటే పళ్ళు దూరలేదన్నమాట. అక్కడ నట్లు బిగించి లాగుదామనుకోవడమే మన చేతుల జబ్బు. లాగితే కేసు పగులుతుంది. అల్యూమినియం కేసు, బండి ఇరుసు కాదు.

హెరాల్డులో ఇంకా రెండు మార్పులున్నాయి. ఓవర్‌డ్రైవ్‌తో పెట్టె పొడుగవుతుంది కనుక వెనుక ఆనిక వేరుగా వుండాలి, ప్రొపెల్లరు షాఫ్టు ఆమేరకు కురచ కావాలి. లారీ షాఫ్టులు కోసి అతికే లేతు షాపువారు ఈ పని చేయగలరు. రెండు చివరలనున్న క్రాసుల చెవులు ఒకే వరుసలో వుండాలి, అతికిన తరువాత బ్యాలెన్సు చేయించాలి. లేకుంటే 60 దాటగానే కారు వణుకుతుంది, ఆ వణుకుకు ఓవర్‌డ్రైవ్ బేరింగు బలవుతుంది. స్పీడోమీటరు కేబులు ఛాసిస్‌కు తగలకుండా మూలమలుపు తిప్పే చిన్న ముక్క ఒకటి కావాలి. వెనుక ఇరుసు నిష్పత్తి స్పిట్‌ఫైర్‌ది వేరు, హెరాల్డుది వేరు కనుక మీటరు సరిగా చూపకపోవచ్చు. కిలోమీటరు రాళ్ళ మధ్య గడియారం పెట్టుకుని సరిచూసుకోవాలి.

రెండో చోటు: సోలెనాయిడ్

సోలెనాయిడ్‌లో రెండు చుట్టలున్నాయి. వాల్వును లాగడానికి ఒకటి, లాగినదాన్ని పట్టివుంచడానికి ఒకటి. లాగేది 15 నుంచి 20 ఆంపియర్ల కరెంటు తింటుంది. లాగడం పూర్తికాగానే అది తప్పుకుని, సుమారు ఒక ఆంపియరు తినే రెండోది మిగలాలి. లివరు సర్దుబాటు తప్పి లాగుడు పూర్తికాకుంటే మొదటి చుట్ట తప్పుకోదు, నిమిషాలలో కాలిపోతుంది. పాత ఓవర్‌డ్రైవ్‌లలో సోలెనాయిడ్ కాలడానికి ఇదే ముఖ్య కారణం.

సర్దుబాటుకు కేసులోనే గుర్తు పెట్టి ఇచ్చారు. స్విచ్చి వేసివుండగా లివరుకున్న రంధ్రంలోంచి అంగుళంలో 3/16 వంతు లావుగల కడ్డీ పెడితే అది కేసులోని రంధ్రంలోకి సూటిగా పోవాలి. ఆ తరువాత ఆమ్మీటరు తగిలించి చూడండి. ముల్లు ఒక్కసారి పైకి లేచి వెంటనే దిగిపోతే సరే. దిగకుంటే స్విచ్చి తీసి మళ్ళీ సర్దాలి. ఇదంతా సొరంగపు మూత బిగించకముందే చేయాలి. అంత కరెంటు చేతి స్విచ్చిగుండా పోకూడదు, మధ్యలో రిలే వుండాలి.

మూడో చోటు: రివర్సు

ఓవర్‌డ్రైవ్ పట్టివుండగా రివర్సు వేసి క్లచ్చు వదిలితే, ముందు చెప్పిన రోలరు క్లచ్చు ఒకవైపు, బ్రేకు రింగు ఒకవైపు పట్టి లాగుతాయి. ఏదో ఒకటి విరగాలి. అందుకే గేర్‌బాక్సు మీద మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ తప్ప కరెంటు పోనివ్వని చిన్న స్విచ్చి పెట్టారు. చాలా పాత కార్లలో అది చెడితే దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేసి వుంటారు. అది కారుకు ఉరితాడు. కొత్త పెట్టె వేసేటప్పుడు ఆ స్విచ్చి కొత్తదే వేయండి. రివర్సులోనూ, మొదటి రెండు గేర్లలోనూ సోలెనాయిడ్ టక్కుమనకూడదు, మూడులో, నాలుగులో అనాలి. ఇంజను ఆపి, కీ తిప్పి, చెవిపెట్టి వింటే తెలిసిపోతుంది.

స్విచ్చి సరిగా వున్నా గరాటు క్లచ్చు బ్రేకు రింగుకు అంటుకుపోవచ్చు. బాగుచేసి కొత్తగా తెచ్చిన పెట్టెలలో ఇది జరుగుతుంది. న్యూట్రలులో కారును చేత్తో వెనక్కు తోసినా కదలకుండా మొరాయిస్తే అదేనని అనుమానించాలి. అప్పుడు రివర్సు జోలికి పోకుండా, బయటికి కనిపించే బ్రేకు రింగును తోలు సుత్తితోనో చెక్కసుత్తితోనో కొడితే వదులుతుంది. ఇనుప సుత్తి పనికిరాదు.

నూనె, పరీక్ష

నూనె విషయంలో చాదస్తంగా వుండాలి. గేర్లకూ ఓవర్‌డ్రైవ్‌కూ ఒకే నూనె. జి.ఎల్. 4 రకం గేరు ఆయిలు వాడండి. జి.ఎల్. 5 రకం ఇత్తడి రింగులకు మంచిది కాదు. వాల్వులోని రంధ్రం సన్నం కనుక చిన్న దారప్పోగు చాలు, ఓవర్‌డ్రైవ్ పనిచేయదు. తుడవడానికి వేస్టు కాటన్ వద్దు. వీధిలో పెట్టి విప్పవద్దు, షెడ్డులో నేల తడిపి పని మొదలుపెట్టండి.

మొదటిసారి నింపాక ఓవర్‌డ్రైవ్ గదిలోకి కొంత నూనె పోతుంది, పెట్టెలో మట్టం దిగుతుంది. కాబట్టి కొంత దూరం నడిపి మళ్ళీ చూడాలి. పరీక్షకు మనకు మంచి రోడ్డుంది. మదనపల్లెనుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరి కృష్ణగిరికి పోయే దారి ఇదివరకు 219వ నెంబరు జాతీయ రహదారి, నెంబర్లు మార్చాక 42వ నెంబరు దారిలో కలిసింది. పుంగనూరు చేరేలోగా నూనె వేడెక్కుతుంది. అక్కడ ఆపి, కారును చదునుగా నిలిపి, మట్టం చూసి పోసుకోండి. ఆ తరువాత నాలుగో గేరులో 60 దాటాక స్విచ్చి వేయండి. సరిగా వుంటే సెకనులోపే ఇంజను గొంతు తగ్గుతుంది. కొద్దికొద్దిగా జారుతూ పట్టితే పీడనం చాలడంలేదు: నూనె మట్టం, కింది ఫిల్టరు, వాల్వు ఆ వరుసలో చూడాలి. అసలే పట్టకపోతే ముందు కరెంటు చూడాలి, పెట్టె విప్పడం ఆఖరి మాట.

ఇంజను 948 సి.సి. అని మరవకూడదు. పుంగనూరు ఆవు ముద్దొస్తుంది గదా అని దానికి చెరకుబండి కట్టం. ఎత్తు ఎక్కేటప్పుడు ఓవర్‌డ్రైవ్ తీసేయాలి. హార్సిలీ హిల్స్ లాంటి చోట, దిగేటప్పుడు కూడా తీసేసి కింది గేరులో రావాలి, ఇంజను పట్టు బ్రేకులకు తోడుంటుంది. ఓవర్‌డ్రైవ్ చదును రోడ్డు మీద సాగుడు ప్రయాణానికే.

ఇక దించిన పాత గేర్‌బాక్సు. దాన్ని పాత ఇనుముకు వేయకండి. రేపు కారును వింటేజి కింద చేర్చాలన్నా, అసలు భాగాలు అడిగే కొనుగోలుదారు వచ్చినా అదే అవసరమవుతుంది. నూనె తీసి, లోపల కొద్దిగా కొత్త నూనె పోసి ముందరి షాఫ్టును నాలుగు చుట్లు తిప్పి, రంధ్రాలకు చెక్క బిరడాలు కొట్టి, గోనెలో చుట్టి నేలకు తగలకుండా పలక మీద వుంచండి. దాని వెనుక ఆనిక, విప్పిన బోల్టులు, కోయకముందు ప్రొపెల్లరు షాఫ్టు పొడుగు ఎంతో రాసిన చీటీ కూడా ఆ గోనెలోనే పెట్టండి.